గోదావరి గులకరాళ్లు: అకీకులను సేకరించి మెరుగుపెట్టు విధము

విద్యార్థులారా! సెలవు దినములను సద్వినియోగము చేసికొనుటకు అనేక వినోదములు గలవు. తపాలా బిళ్లలను కూర్చువారు కొందరు, పక్షులను గుర్తించువారు కొందరు, పాత నాణెములను పోగుచేయువారు మరికొందరు. ఖర్చు మిక్కిలి తక్కువై, శాస్త్రజ్ఞానమును ఓర్పును ఒక్కమారుగా నేర్పు వినోదము మరియొకటి కలదు. అది రాళ్లను సేకరించి, గుర్తించి, నునుపుచేసి మెరుగుపెట్టుట. ఇందులకు అకీకు అను రాయి ప్రారంభకులకు మిగుల అనుకూలమైనది. దానిని గూర్చి తెలిసికొందము. చివరివరకు ఒక్క మాట మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను: రాయి యొక్క అందముకంటె అది దొరికిన చోటు తెలియుట ముఖ్యము.

1. అకీకు అనగా నేమి?

మన పొలములలో తెల్లగా మెరయుచు కానవచ్చు పలుగురాయిని మీరందరు చూచియే యుందురు. సిలికాను, ఆక్సిజను అను రెండు మూలపదార్థముల కలయికచే నది యేర్పడినది. నదిలోని ఇసుకలో నెక్కువ భాగము ఈ పదార్థమే. అకీకు కూడ ఇదే పదార్థముతో నైనది. భేదమేమనగా, పలుగురాయిలోని స్ఫటికములు పెద్దవి. అకీకులోనివి కంటికి కనబడనంత సన్నని పోగులు. ఈ పోగులు పొరపొరలుగా పేరుకొనుటచే రాతిలో చారలేర్పడును. చారలు తెల్లగా, బూడిదవన్నెగా, తేనెరంగుగా, ఒక్కొక్కప్పుడు ఎర్రగా నుండును. చారలు లేక ఎర్రగా నున్న రకమును కార్నేలియను అందురు. పూర్వము నిప్పు పుట్టించుటకు వాడిన చెకుముకిరాయి కూడ ఈ కుటుంబములోనిదే.

అకీకు అను మాట అరబ్బీనుండి ఉర్దూద్వారా మనకు వచ్చినది. ఇంగ్లీషువారు దీనిని అగేటు అందురు. సిసిలీ ద్వీపములో అకాటీసు అను నది యొకటి కలదనియు, ఆ రాయి అక్కడ దొరకుటచే ఆ పేరు కలిగెననియు గ్రీకు పండితుడగు థియొఫ్రాస్టసు వ్రాసెను. అనగా ఈ రాతికి పేరు వచ్చినది కూడ అది దొరికిన చోటినిబట్టియే.

2. అకీకు పుట్టుక

దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమి పశ్చిమభాగమున భూమి బీటలువారి, లోపలినుండి కరిగిన రాయి ప్రవాహములుగా పైకి వచ్చెను. ఆ ప్రవాహములు ఒకదానిమీద నొకటి పరచుకొని చల్లారి, బసాల్టు అను నల్లరాయిగా గట్టిపడెను. నేటికిని అది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి యున్నది.

అన్నము ఉడుకునప్పుడు గంజిలో బుడగలు పైకి వచ్చుట చూచితిరి గదా. కరిగిన రాతిలో కూడ అట్లే ఆవిరియు వాయువులును బుడగలుగా నుండెను. పైభాగము త్వరగా చల్లారుటచే అనేకమైన బుడగలు వెలికి పోలేక, రాతిలో గుంటలుగా నిలిచిపోయెను. తరువాత దీర్ఘకాలము రాతి సందులగుండ నీరు ఇంకెను. ఆ నీటిలో కరిగియున్న సిలికా గుంటల గోడలపై పొరవెంట పొరగా పేరుకొనెను. కావుననే అకీకులోని చారలు బయటి అంచు ఆకారమును అనుసరించి యుండును. కొన్నిటి నడుమ ఖాళీ మిగిలి, అందు చిన్న చిన్న స్ఫటికములు మొలచి యుండును.

బసాల్టు వానకు ఎండకు తేలికగా చివికి నల్లరేగడి మట్టియగును. అకీకు అట్లు చివకదు. చుట్టునున్న రాయి మట్టియై పోగా, అకీకు ముద్దలు మాత్రము నిలిచియుండును. వానలు వానిని వాగులలోనికి, వాగులు నదులలోనికి చేర్చును.

3. మన సీమలో ఏ రాయి ఎక్కడ?

జమ్మికుంట చుట్టుపట్ల బండలను, గుట్టలను పరిశీలింపుడు. ఇవి గ్రానైటు జాతికి చెందినవి. ఎలగందుల కోట నిలిచియున్న గుట్టయు నట్టిదే. కరీంనగరు గ్రానైటు పలకలు నేడు దూరదేశములకు ఎగుమతి యగుచున్నవి. ఈ రాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఇవి భూమిలో మిక్కిలి లోతున మెల్లమెల్లగా చల్లారినవి. అచ్చట లావాలో వలె గాలిబుడగల గుంటలేర్పడుటకు అవకాశము లేదు. గుంటలు లేనిచోట అకీకు పేరుకొనుటకు తావెక్కడిది? కావున మన ఊరి బండలలో అకీకును వెదకుట వ్యర్థము. మన మానేరు నది కూడ ఎక్కువగా ఇట్టి గ్రానైటు నేలమీదుగా వచ్చుచున్నది గనుక, దాని ఇసుకలో మనకు ముఖ్యముగా లభించునవి తెల్లని పలుగురాళ్లు, గులాబి వన్నెగల ఫెల్డ్‌స్పారు ముక్కలు, మెరయు అభ్రకపు రేకులు.

ఇక మన సీమకు ఉత్తరమున, పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు పోయినచో నేల మారును. ఆదిలాబాదు, ముథోలు ప్రాంతములలో పత్తి పండు నల్లరేగడి బసాల్టునుండి పుట్టినదే. తూర్పున మంథని, గోదావరిఖని, మంచిర్యాల వైపున ఇసుకరాళ్లును, వాని నడుమ బొగ్గుపొరలును గలవు. ఈ మూడు విధములైన నేలలు ఒక రోజు ప్రయాణములో చూడదగినంత దగ్గరగా నుండుట మన భాగ్యము.

గోదావరి నది నాసికు సమీపమున త్ర్యంబకమువద్ద పుట్టి, పైఠను, నాందేడుల మీదుగా బసాల్టు దేశమంతయు దాటి, బాసర ప్రాంతమున తెలంగాణములో ప్రవేశించును. పుట్టినచోటినుండి సముద్రమువరకు దాని పొడవు సుమారు 1,465 కిలోమీటర్లు. అది తనతోబాటు బసాల్టులోని అకీకులను, జాస్పరులను దొర్లించుకొని వచ్చి, వంపులయందును గులకతిన్నెలయందును విడిచినది. కావున గ్రానైటు సీమలో పారుచున్నను గోదావరి గులకలలో అకీకులుండును. 1963వ సంవత్సరమున పోచంపాడువద్ద ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. నేడు శ్రీరాంసాగరు జలాశయము ఎగువనుండి వచ్చు గులకలను ఆపివేయుచున్నది. అందుచే దిగువన మనము చూచు అకీకులు పూర్వపు వరదలు తెచ్చినవే. కొత్తవి చేరవు గనుక, ఉన్నవానిని పొదుపుగా చూచుకొనవలెను.

4. పూర్వులకును అకీకు ప్రియమైనదే

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో ఒక వర్తకుడు ఎర్రసముద్ర యాత్రను గూర్చి గ్రంథము వ్రాసెను. అందు, బరుగజమునకు, అనగా నేటి భరూచి రేవునకు, దక్షిణముగా ఇరువది దినముల ప్రయాణములో పైఠను గలదనియు, అచ్చటినుండి చారల రాళ్లు విస్తారముగా బండ్లపై రేవునకు వచ్చుచుండెననియు చెప్పబడినది. పైఠను గోదావరి ఒడ్డుననే యున్నది, శాతవాహనులకు రాజధాని. ఆ కాలపు జనులు అకీకు పూసలను ధరించుచుండిరి. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940వ సంవత్సరము మొదలు హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరుపగా, నాణెములతోబాటు అకీకు, కార్నేలియను పూసలును బయటపడినవి.

గుజరాతులోని ఖంభాతు పట్టణమున ఈ పని నేటికిని సాగుచున్నది. అచ్చటివారు మాసినరంగుగల రాళ్లను ఎండబెట్టి, కుండలలో నుంచి మెల్లగా కాల్తురు. రాతిలోని ఇనుపు అంశము వేడిచే మారి ఎరుపురంగు వచ్చును. విద్యార్థులు దీనిని అనుకరింపరాదు. తడిగల రాయి నిప్పులో పగిలి చిట్లును.

5. సేకరించువారు పాటింపవలసిన నియమములు

మొదటిది: నదికి ఒంటరిగా పోరాదు. ఉపాధ్యాయునితోగాని పెద్దలతోగాని, నీరు తగ్గియున్న వేసవిలో, ఉదయపు వేళ పోవలెను. ఇసుక తీసిన గోతులలో నీరు నిలిచి, లోతు తెలియకుండును. ఆనకట్టలనుండి నీరు విడుచు దినములలో ఒడ్డునకు కూడ పోరాదు.

రెండవది: పొలములో వెదకదలచినచో యజమానుని అనుమతి పొందవలెను. రాతి గనులలోను, బొగ్గు గనుల చెంతను, రైలుపట్టాలమీదను ఎన్నడును వెదకరాదు.

మూడవది: పూర్వకాలపు పాటిదిబ్బలమీద ఏమియు ఏరరాదు. నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల, పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట, పెద్దబొంకూరు ఇట్టి స్థలములు. కోటిలింగాలలో సిముకుని నాణెములు దొరకుటవలననే శాతవాహనుల మొదటి కాలమునకును మన సీమకును గల సంబంధము తెలియవచ్చినది. అవే నాణెములు ఎవరో యొకరు జేబులో వేసికొనిపోయి, ఎక్కడివో మరచిపోయియుండినచో మనకేమి తెలిసియుండును? రంధ్రముగల రాతిపూస కనబడినయెడల దానిని తాకక, చోటు గుర్తుంచుకొని, ఉపాధ్యాయునకు తెలుపవలెను. ఆయన పురావస్తుశాఖవారికి తెలియజేయును.

నాలుగవది: రాతిగా మారిన ఎముకలను, కర్రలను తీసికొనరాదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి గ్రామమువద్ద దొరికిన ఎముకలనుబట్టి ఒక రాక్షసిబల్లికి 1988వ సంవత్సరమున కోటాసారసు అను పేరు పెట్టబడినది. దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున మీరు చూడవచ్చును. ఆ ఎముకలు పరచుకొనియున్న తీరు, వానిచుట్టునున్న రాతిపొర, ఇవన్నియు చెడకుండుటవలననే శాస్త్రజ్ఞులు వానిని చదువగలిగిరి.

ఐదవది: చేతిసంచి నిండ కాదు, అరచేతిలో పట్టునన్ని మాత్రమే తీసికొనవలెను. సుత్తి అక్కరలేదు. అకీకును కొట్టినచో గాజువలె పదునైన పెచ్చులు ఎగిరి కంటికి ప్రమాదము. నది మనకు కావలసిన పరిమాణములోనే రాళ్లను గుండ్రముగా చేసి యిచ్చినది.

వెంట తీసికొనిపోవలసినవి: గుడ్డసంచి, పాత వార్తాపత్రిక, పెన్సిలు, చిన్న పుస్తకము, భూతద్దము, త్రాగునీరు. రాయి దొరికిన వెంటనే దానిని కాగితములో చుట్టి, సంఖ్య వేసి, పుస్తకములో ఈ క్రింది విధముగా వ్రాయవలెను:

“సంఖ్య 7. చోటు: ధర్మపురి, గోదావరి కుడిగట్టు, రేవునకు దిగువనున్న గులకతిన్నె. తేది. ఎవరు చూచిరి. చుట్టునున్న రాళ్లు: పలుగురాళ్లు, నల్లని బసాల్టు గులకలు. రూపము: కోడిగ్రుడ్డులో సగము, తేనెరంగు, తెల్లని చారలు.”

ఇంటికి వచ్చిన తరువాత వ్రాసెదమని ఉపేక్షింపరాదు. పది రాళ్లు ఒక సంచిలో కలిసిన తరువాత ఏది ఎక్కడిదో ఎంతటి మేధావికిని తెలియదు.

6. అకీకును గుర్తించుట ఎట్లు?

ఎండిన గులక మాసినట్లు కనబడును. దానిని నీటిలో ముంచినచో రంగులు, చారలు తేలును. తరువాత సూర్యునివైపు ఎత్తిపట్టి చూడుడు. అంచులగుండ వెలుతురు మసకగా చొచ్చుకొని వచ్చిన అకీకు కావచ్చును. జాస్పరు అట్లు వెలుతురు పోనీయదు.

తరువాత గట్టిదనమును పరీక్షింపవలెను. 1812వ సంవత్సరమున ఫ్రెడరిక్ మోసు అను జర్మను పండితుడు ఖనిజముల గట్టిదనమునకు ఒకటినుండి పదివరకు మెట్లు ఏర్పరచెను. మన గోరు రెండున్నర, రాగి మూడు, గాజు సుమారు ఐదున్నర, అకీకు ఏడు, కురువిందము తొమ్మిది, వజ్రము పది. కావున అకీకు గాజును గీయును, సున్నపురాయి గీయలేదు. పరీక్షకు పాత సీసాముక్కను బల్లమీద నుంచి గీయవలెనుగాని చేత పట్టుకొని గీయరాదు. నదిలో నునుపుదేలిన సీసాపెంకులు కూడ అకీకులవలె భ్రమ కలిగించును; భూతద్దముతో చూచిన వానిలో గుండ్రని గాలిబుడగలు తరచుగా కానవచ్చును.

7. చేతితో మెరుగుపెట్టుట

యంత్రము లేనివారు నిరాశ చెందనక్కరలేదు. రంగులు వేయువారు వాడు నీటికాగితము, అనగా వాటరు పేపరు, దుకాణములలో దొరకును. దాని వెనుక అంకె వ్రాసియుండును. అంకె పెరిగినకొలది గరుకు తగ్గును. 120, 220, 400, 600, 1000 అంకెల కాగితములను క్రమముగా వాడవలెను. పళ్లెములో నీరు పోసి, రాతిని నీటితో తడుపుచునే రుద్దవలెను. ముందటి కాగితము చేసిన గీతలు పూర్తిగా పోయినగాని తరువాతి కాగితమునకు పోరాదు. ప్రతి మార్పునకు ముందు రాతిని, చేతులను, పళ్లెమును శుభ్రముగా కడుగవలెను. చివర తడిపిన తోలుముక్కపై మెరుగుపొడి వేసి రుద్దినచో కాంతి వచ్చును. ఒక చిన్న రాతికి పెక్కు గంటలు పట్టును. తొందరపడువారు మొదటి కాగితమునుండి చివరి కాగితమునకు దూకుదురు. వారి రాయి మెరయును, కాని వెలుతురులో త్రిప్పిచూచిన లోతైన గీతలన్నియు బయటపడును.

8. తిరుగుడు పీపా

ఎక్కువ రాళ్లను ఒక్కమారుగా నునుపుచేయుటకు చిన్న పీపా వాడుదురు. దానికి లోపల రబ్బరు పొర యుండును. పీపాను అడ్డముగా రెండు కడ్డీలపై నుంచగా, చిన్న మోటారు దానిని మెల్లగా త్రిప్పును. నది వేల సంవత్సరములలో చేయు పనిని ఇది నాలుగు వారములలో చేయును. పాఠశాలకు ఒక పీపా యున్న చాలును. విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుని పర్యవేక్షణలో అందరును వాడుకొనవచ్చును.

పీపాలో మూడింట రెండువంతులు మొదలు నాలుగింట మూడువంతులవరకు రాళ్లు నింపవలెను. తక్కువైనచో రాళ్లు ఎత్తునుండి పడి పగులును, ఎక్కువైనచో కదలవు. పెద్దవి చిన్నవి కలిపి వేయవలెను. గట్టిదనము ఒకటిగా నున్న రాళ్లనే కలపవలెను. గ్రానైటును అకీకుతో వేయరాదు. దాని రేణువులు ఊడి తక్కిన రాళ్లను గీయును. రాళ్ల పైవరుసకు కొంచెము దిగువవరకు నీరు పోసి, అరకిలో రాళ్లకు సుమారు రెండు పెద్ద చెంచాల గరుకుపొడి వేయవలెను.

పూర్వము మనవారు సానపట్టుటకు కురువిందపు పొడిని వాడుచుండిరి. ఇంగ్లీషువారి ‘కొరండము’ అను పేరు మన దక్షిణదేశపు మాటనుండియే పుట్టినది. నేడు దానికంటె గట్టిదగు కార్బొరండము వాడుచున్నారు. దీనిని 1891వ సంవత్సరమున అమెరికాలో అచీసను అను నతడు కనుగొనెను. మొదటి వారము ముతకపొడి, రెండవ వారము నడిమిపొడి, మూడవ వారము సన్నపొడి, నాలుగవ వారము అల్యూమినియం ఆక్సైడుగాని సీరియం ఆక్సైడుగాని, మెరుగుపొడిగా వాడవలెను. మొదటి వారము చాలకున్న మరియొక వారము పెంచవలెను. గుంటలు పోనిది ముందుకు పోరాదు. ముతకపొడి రేణువు ఒక్కటి చివరి వారమువరకు మిగిలినను, మెరుగంతయు చెడును. పీపా కడిగిన చిక్కని బురదను జాలారులో పోయరాదు. అది గట్టిపడి నీటిదారిని మూసివేయును. గుంటలో పోసి మట్టి కప్పవలెను.

9. దుమ్మును గూర్చి హెచ్చరిక

ఇంతవరకు ‘తడి’ అను మాట పలుమారులు వచ్చినది. దానికి గొప్ప కారణము కలదు. అకీకును పొడిగా అరుగదీసినచో కంటికి కానరాని సిలికా దుమ్ము లేచును. అది ఊపిరితిత్తులలో చేరి గాయములు చేయును. ఆ గాయములు మానవు. ఈ రోగమును సిలికోసిస్ అందురు. దానిని నయముచేయు మందు లేదు. ఖంభాతులో అకీకులను సానపట్టు కార్మికులు పెక్కుమంది ఈ రోగముచే బాధపడిరి. వారిలో యువకులును గలరు. అంగళ్లలో తళతళలాడు పూసలను చూచునపుడు వాని వెనుకనున్న ఈ కష్టమును మరువరాదు. కావున రాతిని పొడిగా రుద్దరాదు, కోయరాదు, పొడిచేయరాదు. పని ముగిసిన తరువాత బల్లను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. కన్నతల్లిదండ్రులు ఈ ఒక్క నియమమును ఇంటివద్ద తప్పక చూడవలెనని ప్రార్థన. దీనిని పాటింపని విద్యార్థికి ఈ వినోదము వలదు.

10. ముగింపు

మెరుగుపెట్టిన రాళ్లను గాజు గిన్నెలో కలిపి పోయక, అట్టపెట్టెలో గదులుచేసి, ఒక్కొక్క రాతిక్రింద దాని చీటి నుంచవలెను. ఒకే చోటి రాళ్లలో కొన్నిటిని మెరుగుపెట్టక నట్లే యుంచుట మంచిది. నది చేసిన పనియు మీరు చేసిన పనియు పక్కపక్కన కానవచ్చును. తరగతివారందరు కలిసి మానేటి రాళ్లు ఒక వరుసగా, గోదావరి రాళ్లు ఒక వరుసగా అమర్చినచో, జమ్మికుంట బడి గదిలోనే మన సీమ భూగోళము కనబడును. మొదటి వరుసలో అకీకు కానరాదు. రెండవ వరుసలో కానవచ్చును. ఏలయని చిన్న తరగతి బాలుడు అడిగినపుడు, చీటీలు చూపి కారణము చెప్పగలవారు ఈ విద్యలో మొదటి మెట్టు ఎక్కినవారు.